ఒలింద పేరు పెట్టినవి

పోయిన నెల మా తమ్ముడు సామి హాబ్సన్‌విల్ నుంచి హామిల్టన్ దాకా కారు నడుపుకుంటూ వచ్చి, నా వంటింట్లో నిలబడే కాఫీ తాగి, తన మనవరాలికి ఒలింద అని పేరు పెడుతున్నామని చెప్పాడు. అడగలేదు, చెప్పాడు. ఆ పేరు నాది. అరవై మూడేళ్లుగా నేను మోస్తున్నది. "నాన్న గుర్తుగా ఉంటాది గదప్పా" అన్నాడు. మా విశాఖపట్నం వైపు అక్కను అప్ప అంటారు. నా గుర్తుగా అని మాటవరసకైనా అనలేదు. ఆ వచ్చే ఆదివారమే నామకరణమట. వాడి భార్య పోయి నాలుగేళ్లయింది కాబట్టి ఇంటికి పెద్ద ఆడదిక్కు నేనేనట. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో ఆ పేరు రాసి, పిల్ల చెవిలో మొదటిసారి పలకవలసింది కూడా నేనేనట. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. చూస్తాను అన్నాను. నేను చూస్తాను అంటే దాని అర్థం ఏమిటో మా వాళ్లందరికీ తెలుసు.

వాడితోపాటు వాడి కొడుకు కిరణ్ కూడా వచ్చాడు. పిల్ల తండ్రి అతనే. ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు. ఎదురుగా కూర్చుని ఫోన్ నా ముందు పెట్టి, "అత్తా, చూడండి, మీ నేమ్‌తో ఎన్ని ఉన్నాయో" అన్నాడు. బ్రెజిల్‌లో ఒక పాత ఊరు, ఆస్ట్రేలియా కొండల్లో ఒక చిన్న ఊరు, కాలిఫోర్నియాలో ఒక పేట, ఎప్పటివో ఓడలు, ఎవరెవరో ఆడవాళ్లు. వేలితో కిందికి లాగుతుంటే ఇంకా వస్తూనే ఉన్నాయి. అదంతా చూపించి, చాలా యూనిక్ నేమ్ కదా అత్తా అన్నాడు. ఆ జాబితాలో మా నాన్న ఆ పేరు పెట్టినవి ఒక్కటీ లేవు. వాటి సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. వాళ్లు వెళ్లిపోయాక కప్పులు కడుగుతూ నిర్ణయించుకున్నాను, ఈ పేరు ఇవ్వను అని. ఎందుకు ఇవ్వదలచుకోలేదో ఎవరికైనా చెప్పాలంటే వెల్లింగ్టన్‌లోని ఆ చెక్క ఇంటి దగ్గర మొదలుపెట్టాలి. ఇంకా చెప్పాలంటే నేను పుట్టకముందు, నేను ఎన్నడూ చూడని ఒక ఊళ్లో మొదలుపెట్టాలి.

మా నాన్న ఓడల్లో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. ఒకసారి బ్రెజిల్ తీరంలో ఉండగా కడుపులో అపెండిక్స్ పగిలి ప్రాణం మీదికి వచ్చింది. రేవు పక్కనే కొండ మీద ఉన్న ఒలింద అనే ఊరి ఆసుపత్రిలో ఆయన్ను దించి, ఓడ తన దారిన తాను పోయింది. నెల పైన అక్కడే పడి ఉన్నాడు. ఒక్క ముక్క భాష రాదు. కిటికీలోంచి చూస్తే ఎర్ర పెంకుటిళ్లు, కొబ్బరిచెట్లు, వాటి వెనక సముద్రం, అచ్చం మన భీమిలిలాగే ఉండేదని చెప్పేవాడు. ఆసుపత్రిలో వంట చేసే ఒక ముసలామె రోజూ జావ తెచ్చి, తలకింద చెయ్యి పెట్టి తాగించేదట. ఆ రోజుల్లోనే మొక్కుకున్నాడు, బతికి ఇంటికి చేరితే పుట్టబోయే బిడ్డకు ఈ ఊరి పేరు పెట్టుకుంటానని. అప్పుడు మా అమ్మకు ఆరో నెల. కడుపులో ఉన్నది నేను.

మా వైపు ఇందులో వింతేమీ లేదు. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్న ఇంట్లో నలుగురు పిల్లలుంటే నలుగురి పేర్లలోనూ అప్పల ఉంటుంది. అప్పలరాజు, అప్పలకొండ, అప్పలనర్సమ్మ, అందరూ ఆ దేవుడి పిల్లలే. మా నాన్న చేసిన పొరపాటల్లా ఆ లెక్కను ఒక ఊరికి, అందులోనూ పిల్లలతో ఆపకుండా, అన్నిటికీ వర్తింపజెయ్యడం. తను బతికి బయటపడ్డాక చేతికి వచ్చిన ప్రతిదీ ఆ ఊరు ఇచ్చిందేనని ఆయన నమ్మకం. తమ్ముడు పుట్టినప్పుడు కూడా ఆ పేరునే ఏదోవిధంగా తిప్పి పెడతానన్నాడు గానీ మా నాయనమ్మ ఒప్పుకోలేదు. మగపిల్లాడికి తాత పేరు పెట్టి తీరాలని మంచం దిగకుండా పట్టుపట్టింది. అలా వాడు అప్పలస్వామి అయ్యాడు. వాడు ఆ పేరు తప్పించుకున్నాడని నేను చిన్నప్పటినుంచీ అసూయపడ్డాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న ఓడలు మానేసి, వెల్లింగ్టన్‌లో పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరి, మమ్మల్ని అక్కడికి రప్పించాడు. ఐలాండ్ బేలో, ఏటవాలు మీద, గాలి వీస్తే మేకులు కదిలే చెక్క ఇల్లు. చేరిన వారంలోనే గేటుకు నీలం రంగు బోర్డు కొట్టి దాని మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒలింద అని రాశాడు. నన్ను ఎత్తుకుని చూపించి, బాగుందా అమ్మా అని అడిగాడు. బాగుందన్నాను. అప్పటికి అది నా పేరే అనుకున్నాను మరి. ఆ ఇంటి వాసన ఇప్పటికీ కళ్లు మూసుకుంటే తగులుతుంది. కిరసనాయిలు హీటరు వాసన, ఎప్పటికీ ఆరని ఉన్ని బట్టల వాసన, వాటిని మించి మా అమ్మ ఎండు చేపలు వేయించే వాసన. ఆవిడ నాలుగు కిటికీలూ తెరిచి వేయించేది, పక్కవాళ్లకు తెలియకూడదని. అక్కడ చలిని మోసుకొచ్చే దక్షిణపు గాలి ఆ వాసనను తిన్నగా తీసుకెళ్లి పక్కవాళ్ల వంటింట్లోనే పెట్టేది. మేం వంటింట్లో వణుకుతూ కోట్లు వేసుకుని అన్నం తినేవాళ్లం. మా నాన్న తినేముందు పళ్లేనికి దండం పెట్టి, కళ్లు మూసుకుని, ఆ ఊరిని తలుచుకునేవాడు. దేవుడి పటాల మధ్య ఆ ఊరి బొమ్మ ఉన్న పోస్టుకార్డు కూడా ఉండేది. మా అమ్మ దానికి కూడా బొట్టు పెట్టేది.

తర్వాత కారు వచ్చింది. అప్పటికే నాలుగు చేతులు మారిన పాత కారు. దాని డాష్‌బోర్డు మీద పసుపు రాసి, వెనక అద్దం మీద చిన్న అక్షరాలతో ఒలింద అని రాశాడు. ఆ తర్వాత బూడిదరంగు పిల్లి వచ్చింది, దానంతటదే. దానికీ అదే పేరు. తర్వాత రంగు వెలసిన చెక్క పడవ ఒకటి కొని, వరండాలో బోర్లించి, మూడు నెలలు గీకి, తారు పూసి, దానికీ అదే పేరు పెట్టాడు. పక్కింటాయన ఫిజోవా అనే ఒక పండ్ల మొక్క ఇచ్చి, ఇది మీ బ్రెజిల్ నుంచి వచ్చిందేనయ్యా అని చెప్పాడు, మేం బ్రెజిల్ వాళ్లమనుకుని. ఇక చెప్పాలా. అది పెరిగి కాయడం మొదలుపెట్టాక శరత్కాలం వస్తే పెరడంతా కాయలు రాలి, ఇంట్లో ఆ పండిన వాసన తలుపులు మూసినా పోయేది కాదు. ఎవరికి ఇద్దామన్నా వాళ్ల ఇళ్ల నిండా అవే. మా అమ్మ వాటిని చెక్కి, పచ్చిమిర్చీ ఆవపిండీ కలిపి పచ్చడి చేసేది. "ఒలింద రాలతంది, ఏరుకు రండి" అని మా నాన్న బుట్ట ఇచ్చి పంపేవాడు. నేను వంగి నా పేరున్న కాయలు ఏరి, నా పేరున్న ఇంట్లోకి తెచ్చేదాన్ని.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. నాకు కష్టం కలిగించింది ఇది కాదు, మా ఇంటి నియమం. పెద్దల పేరు పెట్టిన పిల్లలను ఆ పేరుతో తిట్టకూడదని మన ఇళ్లలో అనుకుంటారు కదా. అత్తగారి పేరు పెట్టిన కూతుర్ని తల్లి ఆ పేరుతో పిలవడానికే జంకుతుంది. మా నాన్న మొక్కు పేరుకు ఆ నియమాన్ని ఇంకా గట్టిగా బిగించాడు. ఆ పేరు పెట్టి ఎవరినీ, దేన్నీ కసురుకోకూడదు. పొద్దున చలికి కారు కదలకపోతే ఆయన దాని ముక్కు నిమిరేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. మా అమ్మకు అంత ఓపిక లేదు. తిట్టకుండా రోజు గడవదు. అందుకని పేరు వదిలేసింది. కారు "ఆ బండి" అయింది, పిల్లి "ఆ జంతువు" అయింది. నేను "పాప" అయ్యాను. కోపం వస్తే "ఏటే పెద్దదానా" అయ్యాను. మా అమ్మ నన్ను బతికినంతకాలం ఒక్కసారి కూడా ఒలిందా అని పిలవలేదు. నలభై ఏళ్లు దాటి, జుట్టు నెరిసి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా పాపనే.

నాన్నేమో పిలిచేవాడు, కానీ నన్ను కాదు. సాయంత్రం పని నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, వెనక తలుపు తీసి, "ఒలిందా, రామ్మా, బువ్వ తిందువు గాని" అని పిల్లిని పిలిచేవాడు. పిల్లికి పాప అంటే తెలియదు కదా, దానికి పేరు కావాలి. ఆ గొంతులో ఉండే మెత్తదనం నేను ఎప్పటికీ మరిచిపోలేదు. నేను వంటింటి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటూ వినేదాన్ని. ఒకరోజు అడిగాను, నన్నెందుకు అలా పిలవవని. ఆయనకు అర్థం కాలేదు. "నువ్వు ఇంట్లోనే ఉంతావు గదమ్మా, పిలవడమెందుకు" అన్నాడు.

నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్న షెడ్డు పని మానేసి వీధి చివర డెయిరీ తీసుకున్నాడు. డెయిరీ అంటే ఇక్కడ పాలూ రొట్టే పేపర్లూ మిఠాయిలూ అమ్మే చిల్లర దుకాణం. దాని పేరు వేరే చెప్పక్కర్లేదు. మూరెడు ఎత్తు అక్షరాలతో బోర్డు. బడి నుంచి పిల్లలందరూ అటే వచ్చేవాళ్లు. క్లాసులో ఒక పిల్ల నన్ను చూసి, మీ వాళ్లు షాపు పేరు నీకు పెట్టారా అని అడిగి అందరినీ నవ్వించింది. షాపు కంటే పదకొండేళ్లు ముందు పుట్టినదాన్ని నేను. షాపుకే నా పేరు పెట్టారు, మా నాన్నకు నేనంటే అంత ఇష్టం అని చెప్పాను. గొప్పగానే చెప్పాను. టీచరు కూడా విని, ఎంత బాగుందో అంది. ఆ వారమంతా నా జీవితంలో బాగా గడిచిన వారం.

ఆ వారం తిరగ్గానే బడిలో తిరునాళ్లలాంటిది జరిగింది. మా నాన్న దుకాణం నుంచి పుల్ల ఐసుల పెట్టె మోసుకుని వచ్చాడు. టీచరు పిల్లలందరి ముందూ ఆయన్ను మెచ్చుకుంటూ, దుకాణానికి కూతురి పేరు పెట్టుకున్నారటగా అంది. ఆమె మంచికే అంది. మా నాన్న పెట్టె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తన ఇంగ్లీషులో నిదానంగా సరిదిద్దాడు. "నో మేడమ్. నాట్ డాటర్. టౌన్. డాటర్ ఆల్సో టౌన్." అంటే దుకాణానికి పెట్టింది కూతురి పేరు కాదు, కూతురికి పెట్టింది కూడా ఊరి పేరే అని. పిల్లలు వెంటనే నవ్వలేదు, తర్వాత నవ్వారు. ఇంటికి వెళ్లాక ఏడుస్తూ అడిగితే, ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, "అబద్ధమెలగ సెప్తానమ్మా, అదీ ఆ ఊరి మీద" అన్నాడు. అవును అంటే ఏం పోయేది. ఒక్క మాట. ఆయన పోయి పందొమ్మిదేళ్లయింది. నేను ఆ మాట కోసం ఇంకా ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది నాకు. దుర్మార్గుడైతే కోపం తెచ్చుకుని మరిచిపోయేదాన్ని. ఆయన మంచివాడు. మంచివాళ్లు చేసిన అవమానాన్ని దించుకోవడానికి ఎక్కడా చోటుండదు.

ఇప్పుడు చూస్తున్నాను, పిల్లలకు పేర్లు ఎలా పెడుతున్నారో. కిరణ్, అతని భార్య రమ్య, ఇద్దరూ కలిసి ఆరు నెలలు వెతికారట. ఇంకెవరికీ ఉండకూడదు, పలకడానికి సులువుగా ఉండాలి, ఆ పేరుతో ఈమెయిల్ దొరకాలి. హాబ్సన్‌విల్‌లో వాళ్ల ఇల్లు కూడా అలాంటిదే. కొత్తది, వెచ్చనిది, ఏ వాసనా లేనిది. పై గదిలో ఉన్నవాళ్లను అన్నానికి పిలవాలంటే ఫోన్లో మెసేజ్ పెడతారు. తప్పు పట్టడం లేదు. మా చెక్క ఇంట్లో చలికి నా చేతులు పగిలి రక్తం వచ్చేది, ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. కాకపోతే అప్పుడు ఒక పేరు దొరికితే దానితో ప్రపంచమంతా కప్పేవాళ్లు, ఇప్పుడు ఒక్క మనిషికి సరిపడా కత్తిరించుకుంటున్నారు. రెండిట్లోనూ నాకు చోటు దొరకలేదు.

శనివారం నేను బయల్దేరింది రాయడానికి కాదు, రాయనని ముఖం మీద చెప్పడానికి. ఫోన్లో చెబితే వాడు కిరణ్‌కు ఇస్తాడు, కిరణ్ ఏదో తియ్యగా మాట్లాడతాడు. గంటన్నర దారంతా వాన. వెళ్లేసరికి ఇంట్లో సామి ఒక్కడే ఉన్నాడు. కిరణ్, రమ్య పసిదాన్ని తీసుకుని పువ్వుల కోసం వెళ్లారు. వాడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని మర్నాటి బియ్యం ఏరుతున్నాడు. ప్యాకెట్ బియ్యంలో రాళ్లెక్కడివి, అయినా ఏరుతున్నాడు, మా అమ్మలాగే. కోటు విప్పకుండానే చెప్పేశాను.

"నేను రాయను, సామీ. ఇంకో పేరు చూసుకోండి."

"ఎందుకప్పా?"

"నాకంటూ ఉన్నది అదొక్కటే. అది కూడా సరిగ్గా నాది కాలేదు. ఇప్పుడు దాన్ని ఇంకొకరికి ఇమ్మంటే ఎలా ఇస్తాను?"

వాడు తలెత్తలేదు. బియ్యాన్ని అరచేత్తో అటూ ఇటూ జరిపాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"పిల్లికి పెట్టేడు. కారుకి పెట్టేడు. పెరట్లో సెట్టుకి పెట్టేడు. ఆ కొంపలో ఆ పేరు లేనిది నానొక్కణ్నే, అప్పా. పిల్లి కన్నా తీసిపోనానా అని ఏడిసీవోణ్ని, నీకు తెల్దు."

నాకు నిజంగానే తెలియదు. వాడికి తాత పేరు వచ్చిందని, ఎవరూ నవ్వని పేరు వచ్చిందని నేను కుళ్లుకుంటున్న రోజుల్లోనే, వాడు గేటు మీది బోర్డు చూసి ఇది నా ఇల్లు కాదేమో అనుకునేవాడట. పడవ తుపానులో రాళ్లకు కొట్టుకుని ముక్కలైపోయిన రోజున నాన్న ఒడ్డున నిలబడి ఏడిస్తే, తను పక్కనే ఉన్నా తన భుజం మీద చెయ్యి కూడా వెయ్యలేదట. అక్కడ నేను కూడా ఉన్నాను. నా పెళ్లిలో కన్నీటిచుక్క రాల్చని మనిషి చెక్కముక్కల కోసం ఏడుస్తున్నాడని, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను. పక్కన తమ్ముడు కూడా ఉన్నాడన్నది నా కథలో ఎప్పుడూ రాలేదు.

జాలి కలిగిందని చెబితే అబద్ధం. ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్లు ఎందుకు దాచాడు. అప్పుడే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం, నాకు తోడుండేది. ఆ ఇంట్లో అన్యాయం జరిగింది నా ఒక్కదానికేనని యాభై ఏళ్లకు పైగా నమ్మి, ఇప్పుడు దాన్ని పంచుకోవలసి రావడం నాకు నచ్చలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించాను. అలసటగా అనిపించింది. ఎదురుగా కూర్చుని నేను కూడా బియ్యం ఏరడం మొదలుపెట్టాను. కొంతసేపయ్యాక, రాస్తాను గానీ ఒక్క షరతు అన్నాను. ఇంట్లో ఆ పిల్లను ఆ పేరుతోనే పిలవాలి, పాప అనకూడదు, బుజ్జి అనకూడదు. ముద్దు చేసినా ఆ పేరుతోనే, కసురుకున్నా ఆ పేరుతోనే.

వాడి చెయ్యి ఆగిపోయింది. "మొక్కు పేరు పెట్టి కసురుకోడమేటప్పా? నాన్న ఉంటే ఊరుకుంతాడా?" అన్నాడు. ఆ పేరు తనకు దక్కకపోయినా దాని నియమాన్ని మాత్రం వాడే కాపాడుతున్నాడు. అయితే వేరే పేరు చూసుకోండి అన్నాను మళ్లీ. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గనని వాడికి తెలుసు. కుళాయి నీళ్లు పట్టి, బియ్యం గిన్నె అటు జరిపి, కిటికీ వైపు తిరిగి, సరే అన్నాడు. ఒప్పుకున్నట్టు లేదు, ఓడిపోయినట్టు ఉంది. నాకది చాలు.

ఆదివారం పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో మూడు అక్షరాలూ రాశాను. కిరణ్ ఫోన్లో వీడియో తీస్తూ, స్లోగా అత్తా అన్నాడు. పిల్ల చెవి చాలా చిన్నది, ఎర్రగా, వేడిగా ఉంది. మూడుసార్లు పలికాను. నా పేరు నేనే ఇంకొకరిని పిలుస్తూ పలకడం అదే మొదటిసారి. మా నాన్న గురించి సామి నాలుగు మాటలు చెప్పాడు, ఆ ఊరి గురించి చెప్పాడు. నా గురించి ఏమీ చెప్పలేదు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

భోజనాలయ్యాక వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నేను సోఫాలో నడుము వాల్చాను. లోపలి గదిలో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. రమ్య హైదరాబాద్ అమ్మాయి, పొద్దుటినుంచీ పట్టుచీరలోనే నిలబడి ఉంది, నిద్ర లేదు. ఉయ్యాల మీద దభీమని చెయ్యి వేసిన చప్పుడు వినిపించింది. "ఏందే ఒలిందా, ఎంతసేపే నీ లొల్లి, ఇగ ఊకో" అని గట్టిగా కసిరింది. పక్క గదిలో సామి కుర్చీలోంచి లేచిన చప్పుడు కూడా విన్నాను. రమ్య గుమ్మం దగ్గరికి వచ్చి నన్ను చూసి నాలుక కరుచుకుంది.

"సారీ అత్తా. మీ పేరు పెట్టి తిట్టిన. మామయ్య చెప్పిండ్రు, మీరు పిలవమన్నరని, కానీ..."

"తిట్టమ్మా" అన్నాను. "ఏం కాదు. పిల్లన్నాక తిట్టాలి."

ఆమె కాసేపు గుమ్మంలోనే నిలబడింది, నేను నిజంగా అంటున్నానా లేదా అని. లోపల ఏడుపు ఆగలేదు. ఆమె వెనక్కి వెళ్లి, ఈసారి ఇంకొంచెం గట్టిగా పిలిచింది.